పప్పుచారు మోసిన టైర్లు

మా చిన్న కారు బుద్ధిమంతురాలే. ఎండాకాలమంతా నా మాట వినేది. వాన పడితే మాత్రం నా మాట పక్కన పెట్టి రోడ్డు మాట వినేది.

ఒక సాయంత్రం కొత్తపేట పండ్ల మార్కెట్ ముందు అట్లాగే రోడ్డు మాట విన్నది. ముందు పోతున్న ఆటో ఉన్నట్టుండి ఆగింది. నేను బ్రేక్ తొక్కాను. చక్రాలు ఆగాయి గానీ కారు ఆగలేదు. తడి గచ్చు మీద పీట జారినట్టు జారి, కుడిపక్క రెండు చక్రాలనూ డివైడర్‌కు రాసుకుంటూ పోయి, అక్కడ తీరిగ్గా నిలబడింది. నా పరువుకు తప్ప ఎవరికీ దెబ్బ తగల్లేదు. బత్తాయి బండి ఆయన వచ్చి కిటికీలోంచి తొంగిచూసి, "గింత నిమ్మళంగ గుద్దినోళ్లను నేనెన్నడు చూడలేదమ్మా" అని మెచ్చుకుని పోయాడు.

నలభై దాటాక డ్రైవింగ్ నేర్చుకున్నదాన్ని. మాది పోచంపల్లి చీరల కుటుంబం. మగ్గాలు ఊళ్లో ఉన్నాయి, దుకాణమూ ఇల్లూ దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్నాయి. ఊరికీ దుకాణానికీ మధ్య మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, ఉండేవారు. ఆయన ఊరికి పోయి తనకు నచ్చిన చీరలు తెచ్చేవారు. నాకు నచ్చకపోయినా వాటిని అమ్మిపెట్టడం నా పని. కారు వచ్చాక నేనే పోయి, మగ్గం ముందు కూర్చుని, రంగులు మార్పించి తెచ్చుకోవడం మొదలుపెట్టాను. అందుకే ఆ సాయంత్రం బావగారు మా ఇంటి సోఫాలో కూర్చుని, "కారు అమ్మేద్దాం తియ్యి" అన్నప్పుడు నాకు వినిపించింది కారు సంగతి ఒక్కటే కాదు. కారు పోతే నా ఊరి దారి పోతుంది. మళ్లీ ఆయన తెచ్చిన చీరలే నేను మడతపెట్టాలి.

"హయత్‌నగర్‌ల నా దోస్తు ఉన్నడు. ఎప్పటి నుంచో చిన్న కారు చూస్తున్నడు. వంటావార్పు నాడు ఎల్బీనగర్‌కు రమ్మంట, చూసుకుంటడు" అన్నారు బావగారు.

అప్పుడు తెలంగాణ కోసం ఉద్యోగులంతా సమ్మెలో ఉన్నారు. బస్సులు డిపోల్లో పడుకున్నాయి. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే తిని రోడ్డును ఆపే వంటావార్పులు నగరమంతా జరుగుతున్నాయి. మా కాలనీ వంటావార్పుకు పెద్ద బావగారే. మా అపార్టుమెంటుకూ ఆయనే పెద్ద. మా ఇంటికీ ఆయనే పెద్ద. మనిషి మంచివాడు, ఎవరికి ఏ ఆపద వచ్చినా ముందుంటాడు. ముందు సీట్లో ఆడవాళ్లుంటే మాత్రం ఆయనకు వెనక సీట్లో ఊపిరాడదు.

"జారింది నేను కాదు బావా, టైర్లు" అన్నాను.

"టైరుకు ఏం తెల్సు? తోలెటోళ్లు తోలినట్టు పోతది."

నేను ఆయనను సెల్లార్‌కు తీసుకుపోయి టైర్లు చూపించాను. నాలుగూ తిరుపతికి పోయి వచ్చినట్టు నున్నగా ఉన్నాయి. బావగారు ఒక టైరును అరచేత్తో తడిమి, తరువాత తెలియకుండానే తన బట్టతలను కూడా తడుముకున్నారు. నేను నవ్వలేదు. ఆ నిగ్రహానికి ఫలితం దక్కింది.

"సరే. కొత్త టైర్లు ఎయ్యి. వానల ఈ ర్యాంపు ఎక్కి చూపియ్యి. ఎనుకకు జారకుంట ఎక్కితివంటె నా దోస్తుకు వద్దని చెప్త. జారితివంటె మాత్రం మాట్లాడొద్దు."

మా సెల్లార్ ర్యాంపు సామాన్యమైనది కాదు. బిల్డర్ జాగా అంతా ఫ్లాట్లకు వాడేసి, చివరికి ఇంత ముక్కలో దాన్ని నిలబెట్టాడు. దాని మీద నున్నటి సిమెంటు. వాన పడితే కాలనీ నీళ్లన్నీ దాని మీదుగా దిగి సెల్లార్‌ను పలకరించి పోయేవి. అలవాటైన డ్రైవర్లు కూడా దాని ముందు ఒక క్షణం ఆగి దేవుణ్ణి తలుచుకునేవారు.

మా ఆయన సమ్మెలో ఉన్న ప్రభుత్వోద్యోగి, అంటే చదవడానికి ఫైళ్లు లేని మనిషి. ఆయనకు స్టీరింగ్ అంటే భయం. పక్కన కూర్చుని కాళ్లతో బ్రేకులు వేయడంలో మాత్రం ఆయనను మించినవాడు లేడు. టైర్ల మాట వినగానే చైతన్యపురిలో ఇంటర్నెట్ సెంటరుకు పోయి, కాగితాల కట్టతో తిరిగివచ్చాడు.

"ఇగో, అసలు టైర్లంటె ఇవి. చలికాలం టైర్లట. మంచుల గూడ జారవట. రబ్బరు మెత్తగ ఉంటదట. ఎండకాలం తీసి పక్కకు పెట్టి, చలికాలం మళ్ల ఎక్కిస్తరట. రిమ్ములు గూడ వేరే జత ఉంచుకుంటరట."

"మన చలికాలం ఒక స్వెట్టర్‌తోని పోతది. మనకు మంచు టైర్లు ఎందుకు, మంచి టైర్లు చాలు" అన్నాను.

"మరి వానకాలం టైర్లని ఎవరు రాయలేదు" అన్నాడాయన దిగులుగా. మన దగ్గర ఉన్న కాలానికి ఎవరూ టైరు చేయలేదని ఆయన బాధ. కానీ ఆ కాగితాల్లో ఒక మంచి ముక్క ఉంది. తడి రోడ్డు మీద టైరును కాపాడేది దాని మీది లోతు గీతలు, అంటే గాళ్లేనట. కింద చేరిన నీళ్లను అవి పక్కలకు తోసేస్తేనే రబ్బరు రోడ్డును ముట్టుకుంటుందట. నేను పండ్ల మార్కెట్ ముందు జారిన పీటను గుర్తుచేసుకున్నాను. పీటకు గాళ్లు లేవు.

బంద్ లేని ఒక పూట ఎల్బీనగర్‌లో టైర్ల దుకాణానికి పోయాం. యజమాని గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డాయన. షట్టరు సగానికి దించి, ఎటు కావాలంటే అటు లాగేట్టు ఒక చెయ్యి దాని మీదే ఉంచి కూర్చున్నాడు.

"రండమ్మా, వంగి రండి. తెలంగాణ వచ్చేదాకా ఈ షట్టరు ఇంతేనండి" అన్నాడు నవ్వుతూ.

"వచ్చినంక?"

"వచ్చాక పూర్తిగా తెరుస్తానండి. ఎవరి రాష్ట్రమైనా చక్రాల మీదే కదండీ నడిచేది."

మా ఆయన చూపు అప్పటికే గోడకు వేలాడుతున్న అలాయ్ వీల్స్ మీద పడింది. వెండి పళ్లేల్లా మెరుస్తున్నాయి. డివైడర్ దెబ్బకు కుడివైపు రెండు రిమ్ములు ఎలాగూ వంకరపోయాయి కనుక, నాలుగూ మార్చేసి వాటికి వెడల్పు టైర్లు వేయిద్దామన్నాడు. ఇంట్లో బయలుదేరేటప్పుడే అలాయ్ మాట ఎత్తితే, "అలాయ్ అంటె దసరకు జమ్మి ఇచ్చి అలుముకునేది గద, కారుకెందుకు?" అని మా అత్తమ్మ అడిగింది. అయినా ఆయనకు రిమ్ము తెగులు తగ్గలేదు.

"ఈ అలాయ్ మన గుంతల్ల పడితె ఏమైతది?" అని యజమానిని అడిగాను.

ఆయన ఇబ్బందిగా కదిలాడు. "అబద్ధం ఎందుకండీ. పెద్ద గుంతైతే పగుల్తుంది. స్టీలు రిమ్మైతే వంగుతుంది, కొట్టి సరిచేసుకోవచ్చు."

"అయితె స్టీలే ఇయ్యండి. మా ఇంట్ల గూడ వంగినోళ్లమే నిలబడ్డం."

మా ఆయన అలాయ్‌ల వంక చివరిచూపు చూసి, తన వంగుడు తాను వంగాడు.

ఇక టైర్లు. యజమాని ఒక్కొక్కటే దొర్లించుకొచ్చి కంపెనీల గొప్పలు చెప్తున్నాడు. నాకు కంపెనీలు తెలియవు. నాకు తెలిసింది చీర ఒక్కటే. ముందు, ఇది ఎప్పటి సరుకని అడిగాను. ఆయన టైరు పక్కన అచ్చువేసిన అంకెలు చూపించాడు. ఏ సంవత్సరం ఏ వారంలో తయారైందో అక్కడే ఉంటుందట. చీరలకు కూడా ఇలా ఉంటే బావగారు తెచ్చిన పాత సరుకు ఎన్నిసార్లు పట్టుకునేదాన్నో. రెండు టైర్లు అక్కడే తప్పుకున్నాయి. తరువాత గోరుతో రబ్బరు నొక్కి చూశాను. గట్టిది, మెత్తది తెలిసిపోయింది. ఆ తరువాత ఆయన మంచినీళ్ల సీసా అడిగి తీసుకున్నాను.

"దాహమా అండీ?"

"నాకు గాదు, దీనికి."

రంగు పోతుందేమోనని కొత్త చీర అంచు తడిపి చూడటం మా ఇళ్లలో చిన్నప్పటి అలవాటు. నిలబెట్టిన టైరు మీద నీళ్లు పోశాను. ఒకదాని మీద చూడముచ్చటైన డిజైను, మెరుపుతీగల్లా వంకరలు. నీళ్లు ఆ వంకరల్లో దారి తెలియక గుంపుగా నిలబడిపోయాయి. రెండోదాని మీద డిజైనే లేదన్నట్టు, చుట్టూ నాలుగు లోతైన గాళ్లు, వాటి నుంచి పక్కలకు సన్నని కాలవలు. పోసిన నీళ్లు పోసినట్టే జారి నేల మీద పడ్డాయి.

"ఇది ఇయ్యండి. మా కారుకున్న సైజే. వెడల్పు వద్దు."

"వెడల్పుగ ఉంటె రోడ్డును గట్టిగ పట్టుకుంటది గద" అన్నాడు మా ఆయన.

"పీట గూడ వెడల్పుగనే ఉంటది."

యజమాని తన ఖాళీ సీసా వంక, నా వంక చూశాడు. "ఇన్నేళ్లలో టైరుకి పెళ్లిచూపులు చేసినవాళ్లని ఇప్పుడే చూస్తున్నానండి" అన్నాడు.

ఇంతలో బావగారి ఫోను. పాత టైర్లు దుకాణంలో వదిలిపెట్టొద్దు, చౌరస్తాలో కాల్చడానికి పనికొస్తాయి, తెమ్మన్నారు. నాలుగు గుండు టైర్లూ వెనక వేసుకుని ఇంటికి వచ్చాం.

కొత్త వస్తువుకు పూజ చేయకుండా వాడితే అత్తమ్మ అన్నం తినదు. టైర్లు కొత్తవి కనుక కారు కూడా కొత్తదే అని ఆమె లెక్క. మరునాడు నేను దుకాణంలో ఉండగా సెల్లార్‌కు దిగి పూజ ముగించింది. నేను వచ్చేసరికి నాలుగు చక్రాలూ పసుపు పచ్చగా, కుంకుమ బొట్లతో పేరంటానికి తయారైన ముత్తయిదువల్లా ఉన్నాయి. కింద నాలుగు నిమ్మకాయలు. స్టెప్నీ చిన్నబుచ్చుకుంటుందని డిక్కీలో దానికీ ఒక నిమ్మకాయ పెట్టింది. సాయంత్రానికి వాన మొదలైంది.

"ఇగ రా" అన్నారు బావగారు, ర్యాంపు పైన గొడుగు పట్టుకుని. పక్కన మా ఆయన. బాల్కనీల్లో మిగతా అపార్టుమెంటు.

నిమ్మకాయలు చిట్లాయి. నేను దేవుణ్ణి తలుచుకుని, మొదటి గేరులో మెల్లగా ఎక్కించాను. సగం దాకా ఎక్కింది. అక్కడ ముందు చక్రాలు గిర్రున తిరగడం మొదలుపెట్టాయి. నేను ఎంత తొక్కితే అవి అంత తిరిగాయి. కారు మాత్రం మర్యాదగా, ఎవరినీ ఏమీ అనకుండా, వెనక్కి జారుతూ సెల్లార్‌లోకి వచ్చేసింది. ఇంకోసారి ప్రయత్నించాను. ఈసారి సగం దాకా కూడా పోలేదు.

బావగారు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "పోనీ తియ్యమ్మా. అందరికి అన్ని రావు" అని, అక్కడే నిలబడి ఫోను తీసి దోస్తుతో మాట్లాడారు. "ఆఁ, వంటావార్పు నాడే. కొత్త టైర్లతోని ఇస్తున్నం, నీ నసీబు మంచిగున్నది."

నేను ఏరి, తడిపి, మెచ్చి తెచ్చిన టైర్లు ఎవరి నసీబుకో పోతున్నాయి. ఆ రాత్రి టైరు నేనే అయ్యాను, గాలి తీసిన టైరు.

తెల్లవారి సెల్లార్‌లోకి దిగితే వాన వెలిసి ఉంది. ర్యాంపు మీద రెండు పసుపు చారలు, సగం దాకా పోయి ఆగిపోయి ఉన్నాయి. రాత్రంతా కాలనీ నీళ్లు దాని మీదుగా దిగినా అవి పోలేదు. పైగా వాటి మీద నీళ్లు తామరాకు మీద నిలిచినట్టు చుక్కలు చుక్కలుగా నిలిచాయి. వంగి వేలితో రాసి చూశాను. జిడ్డు. వాసన చూశాను. మా వంటింటి వాసన.

"అత్తమ్మా, పసుపుల ఏం కలిపినవు?"

"నువ్వుల నూనె, బిడ్డా. నీళ్లల్ల కలిపితె ఒక్క వానకు పోతది గద. గడపకు గట్లనే పూస్త, ఏండ్లు ఉంటది" అని, ఇంకా సంతోషంగా, "పైపైన గాదు, సందుసందులకు పోయేటట్టు మెత్తిన" అంది.

నీళ్లు పోవడానికని నేను సీసా పోసి మరీ ఎంచుకున్న గాళ్లవి. వాటి నిండా నూనె పసుపు. నేను నవ్వాలో ఏడవాలో తేల్చుకునేలోపు అత్తమ్మ నా ముఖం చూసి, ర్యాంపు చూసి, సంగతి తనే గ్రహించింది.

"నేనేనా జార్చింది?"

"నువ్వు గాదు, నూనె."

ఆమె కొంగు నడుముకు దోపి, పైకి పోయి, కుంకుడుకాయ పులుసు, సున్నిపిండి, కొబ్బరి పీచు తెచ్చింది. పీటేసుకుని కూర్చుని, ఒక్కో టైరుకూ తలంటు పోసింది. సందుల్లో పసుపును పొయ్యి కాడి పుల్లతో గీకింది. ర్యాంపు మీది చారలను నేను రుద్దాను. ఆ ఇంట్లో అంత బాగా తలంట్లు పోయించుకున్నది నేను, మా ఆయన, ఆ నాలుగు టైర్లు.

"పెద్దోనికి చెప్పకు" అంది చివరికి. "పూజ జేసి చెడగొట్టిందంటడు."

చెప్పనన్నాను. మాట ఇచ్చాక తెలిసింది, చెప్పకుండా బావగారిని ఇంకో పరీక్షకు ఒప్పించడం ఎలాగో నాకు తెలియదని. వాన మాత్రం నా పక్షాన ఉంది.

వంటావార్పు పొద్దున కుండపోత. అన్నం చౌరస్తాలోనే టార్పాలిన్ కింద వండుతున్నారు. పప్పుచారు పొయ్యి అక్కడ మాటిమాటికీ ఆరిపోతుంటే, దాన్ని మా సెల్లార్‌లో వండారు. పెద్ద రాగి గుండిగ, కింద గుండ్రంగా, మెడ దాకా పప్పుచారు. తీసుకుపోవడానికి మాట్లాడిన ట్రాలీ ఆటో రానన్నది. బావగారి కారు పొద్దున్నే జెండాలతో చౌరస్తాకు పోయి, అక్కడ జనం మధ్య ఇరుక్కుంది. అక్కడ అన్నం ఉడికింది, కాలనీ అంతా కూర్చుంది, పప్పుచారు ఇక్కడ ఉంది. బావగారు గొడుగు మరిచిపోయి, తడిసి, నడిచి ఇంటికి వచ్చారు. జీవితంలో మొదటిసారి ఆయన పరేషాన్ కావడం చూశాను.

"నేను తీస్కపోత బావా" అన్నాను.

ఆయన ర్యాంపు వంక చూశారు. నీళ్లు దిగుతున్నాయి. "జారితె పప్పుచారంత సెల్లార్ల ఉంటది. కాలనీకి నేనేం చెప్పాలె?"

"కాలనీకి నువ్వేం చెప్పకు. నన్ను కూసోనియ్యి" అంది అత్తమ్మ, ముందు సీటు తలుపు తీసి ఎక్కుతూ. "కోడలితోని నేను బోత."

తల్లి ఎక్కిన కారును ఆపే ధైర్యం ఆయనకు లేదు. వెనక సీటు వంచాం. గుండ్రటి గుండిగ నిలబడదు, దొర్లుతుంది. అప్పుడు మూలన ఉన్న నా నాలుగు పాత టైర్లు కనిపించాయి. కాల్చడానికని దాచినవి. ఒకదాన్ని వెనక పడుకోబెట్టి, తడి గోనె పరిచి, గుండిగను దాని మీద కూర్చోబెడితే కొలత తీసి చేసినట్టు సరిపోయింది. రోడ్డు మీద ఒక్కనాడు కుదురుగా ఉండని టైరు, గుండిగకు కుదురై కూర్చుంది. మిగతా మూడింటిని కూడా, చౌరస్తాలోని గిన్నెలకని, కారు పైన కట్టుకున్నాం.

మా ఆయన గుండిగ మూత పట్టుకుని వెనక ముడుచుకున్నాడు. బావగారు ర్యాంపు పైన నిలబడ్డారు. ఈసారి గొడుగు లేదు.

మొదటి గేరు. కారు ర్యాంపు ఎక్కింది. నీళ్లు ఎదురొచ్చాయి. చక్రాల పక్క నుంచి అవి రెండుగా చీలిపోవడం అద్దంలో కనిపించింది. సగం దగ్గర నేను తడబడ్డాను, టైర్లు తడబడలేదు. పోయినసారి జారిన చోటు దాటింది. అత్తమ్మ పెదవులు ఆడుతున్నాయి. వెనక నుంచి మూత గలగలలాడింది, చారు చిందలేదు. ముందు చక్రాలు, వెనక చక్రాలు, ఆ తరువాత రోడ్డు. బాల్కనీల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. బావగారు పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. ఆయన నాకు దారి ఇవ్వడం అదే మొదలు.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా దారంతా ఆపే మనుషులే. ప్రతి గుంపు దగ్గరా ఎవరో ఒకరు చెయ్యి అడ్డం పెట్టి, "బంద్ అమ్మా, ఎటు పోతున్నవ్?" అనడం, మా ఆయన వెనక నుంచి మూత ఎత్తడం, ఇంగువ వాసన బయటికి పోవడం, "పప్పుచారు బండి, పోనియ్యిండ్రి" అని కేక. నా జన్మలో అంత గౌరవంగా నన్ను ఏ చౌరస్తా పంపలేదు. సగం దించిన షట్టరు కింద నుంచి టైర్ల దుకాణాయన తల బయటపెట్టి చూసి, చక్రాల వైపు చెయ్యి ఊపాడు, నా వైపు కాదు.

ఎల్బీనగర్ చౌరస్తాలో గుండిగ దించగానే ఈల వేసినవాళ్లు, పళ్లెం చాచినవాళ్లు. నాలుగు పాత టైర్ల మీద నాలుగు గిన్నెలు కూర్చున్నాయి. పక్క కాలనీ వాళ్లు వచ్చి, "అన్నా, కాల్చనీకి టైర్లున్నయంటిరి?" అని అడిగితే, అప్పుడే నడిచి వచ్చిన బావగారు, "వాటి మీద బువ్వ ఉన్నది, కనపడ్తలేదా?" అని వాళ్లను పంపించేశారు.

హయత్‌నగర్ దోస్తు కూడా వచ్చాడు. రెండోసారి పప్పుచారు పోయించుకుంటూ, "కారు ఇదేనా? టైర్లు మస్తున్నయి" అన్నాడు.

బావగారు గిన్నె మూత సర్దారు. ఆయనకు మాట తప్పడం రాదు, మాట మార్చడమూ రాదు. అత్తమ్మ గరిటె ఆపి, "ఈ కారు అమ్మేది గాదు నాయిన" అంది. "మొన్న జారింది నేను మెత్తిన నూనె పసుపుకు. నా కోడలు జార్చలే. ఇంకింత పోయాల్నా?"

బావగారు తల్లి వంక చూశారు, తరువాత నా వంక. నేను చేతిలో పళ్లెం వంక చూసుకున్నాను. "అమ్మ చెప్పింది గద" అన్నారు దోస్తుతో. "ఇంకో కారు చూద్దాం తియ్యి."

సాయంత్రం మేం తిరిగి బయలుదేరేసరికి బావగారి కారు ఇంకా జనం మధ్యనే ఉంది. అందుకని నా పక్కన కూర్చున్నారు. అత్తమ్మ, మా ఆయన, ఖాళీ గుండిగ వెనక. పండ్ల మార్కెట్ దగ్గరికి వచ్చేసరికి మళ్లీ వాన. వెనకటి చోటే, వెనకటిలాగే, ముందు ఒక ఆటో ఉన్నట్టుండి ఆగింది. నేను బ్రేక్ తొక్కాను. పక్కన బావగారు కూడా కాలితో ఒకటి తొక్కారు. ఆ విద్య అన్నదమ్ములిద్దరికీ ఉందని అప్పుడే తెలిసింది.

కారు ఆగింది. ఆటోకు ఇటువైపు, డివైడర్‌కు దూరంగా, నేను చెప్పిన చోట.

బత్తాయి బండాయన తలెత్తి చూసి, ఈసారి మెచ్చుకోవడానికి ఏమీ దొరక్క, మళ్లీ కాయలు పేర్చుకున్నాడు.

"ఆగింది" అన్నారు బావగారు.

"ఆగుతది బావా."

ఆయన తన కాలు నెమ్మదిగా బ్రేకు మీది నుంచి, అంటే బ్రేకు లేని చోటు నుంచి, తీసుకున్నారు. "వచ్చే వారం పోచంపల్లి పోతవు గద" అన్నారు, కిటికీలోంచి వానను చూస్తూ. "నన్ను గూడ తీస్కపో. నువ్వు ఏరుతుంటె చూస్త."